ఎర్ర గీత

శాయంపేట బడిల నల్లబల్లను గోడకెల్లి దింపి
వంటగది ఎనుక ఆనిస్తే
పగటి బువ్వ వండే సారమ్మ దాని మీద
మిరపకాయలు ఎండబోసింది.
దాని జాగల ఇప్పుడు
మనిషంత తెర.
వేలితో ముట్టుకుంటే గుండెకాయ తిరుగుతది,
భూమి తిరుగుతది,
కరెంటు పోతే రెండూ ఆగుతయి.

నాకు దానితో పేచీ ఏం లేదు.
సుద్దముక్క పొడికి ఇరవై రెండేండ్లు దగ్గినోణ్ని.
ఏడో తరగతి ఎనుక బెంచీ పోరగాండ్లు
మొదటిసారి ముందుకు జరిగి కూసున్నరు.
అది అబద్ధం కాదు.

తెరకు మైకు ఉన్నదని
మంగళారం నాడు కనిపెట్టింది పిల్లలే.
మాట్లాడితే రాసుకుంటదట.
"మా ఇంటి ముచ్చట" అని చెప్పి
ఒక్కొక్కరినీ లేపిన.

రవళి లేచింది.
రెండు జడలు, ఒకదానికే రిబ్బను.
"పొద్దుగాల్నే మా అవ్వ కైకిలి పోయింది" అన్నది.
తెర జరసేపు ఆలోచించి
ముత్యాలసొంటి అక్షరాలల్ల రాసింది:
పొద్దున్నే మా అవ్వ కైలాసం పోయింది.

తరగతి తరగతంతా పగలబడి నవ్వింది.
నేనూ నవ్విన.
రవళి నవ్వలేదు.
"మా అవ్వ బతికే ఉన్నది సార్,
పటేలు చేన్ల పత్తి ఏరుతాంది"
అని కిటికీ దిక్కు చెయ్యి చూపింది,
సాక్ష్యం అక్కడ నిలవడ్డట్టు.

మళ్ల చెప్పింది. మళ్ల కైలాసమే.
మక్కకంకి అంటే మక్కా అన్నది.
తొవ్వ అంటే తవ్వు అన్నది.
"బాపు మాపటికి అచ్చిండు" అంటే
అచ్చిండును మింగి
వచ్చాడు అని కక్కింది.

ఆ దిద్దుడు ఎక్కడ్నో చూసిన.

ఎక్కడ్నో ఏంది, నా చేతులనే చూసిన.
ఇదే బడిల రవళి నాయిన సదయ్య
నోటుబుక్కుల అచ్చిండు అని రాస్తే
ఎర్ర పెన్నుతో కొట్టేసి
పక్కన వచ్చాడు అని పెట్టింది నేనే.
ఏడాది పొడుగునా పెట్టిన.
ఎనిమిదిల బడి ఇడిచి
బోరుబండి ఎక్కిండు సదయ్య.
అందుకే ఇడిచిండని అనను,
అందుకు కాదనీ అనలేను.
ఈ యంత్రం నా దగ్గర సదువుకోలేదు,
కానీ అచ్చం నా శిష్యుడి లెక్కనే ఉన్నది.

సాయంత్రం బస్సు పోనిచ్చి ఆగిన.
రవళి ఆగింది, ఇంకో నలుగురు ఆగిండ్రు.
కై. కి. లి.
పిట్టకు మాట నేర్పినట్టు
ఒక్కో ముక్క ఇరిచి పెట్టింది.
తొమ్మిదోసారికి రాసింది,
రాసి, కింద ఎర్ర గీత గీసింది.
ఆ గీత మీద వేలు ఒత్తి పడితే
చిన్న డబ్బా తెరుచుకొని అడిగింది:
నిఘంటువులో చేర్చాలా?

రవళి నా మొకం చూసింది.
పర్మిషన్ ఇయ్యాల్సింది నేనా?
"చేర్చు బిడ్డా" అన్న.
చీకటయ్యేదాక ముప్పై ఒక్క మాట చేర్చినం.
కైకిలి, తొవ్వ, అనపకాయ, ఇగురం, సోయి,
ఒక తిట్టు గూడ. ఎవరు చెప్పిండ్రో అడగలేదు.

ఇదంత ఈ ఒక్క తెర మతిలనే ఉంటది.
అప్‌డేట్ అస్తే ఉంటదో పోతదో తెల్వదు.
పరకాల బడి తెరకు
కైకిలి అంటే ఇంకా కైలాసమే.

తొవ్వల కొమురవ్వ ఎదురచ్చింది,
కొంగు నిండ దూది పోగులు అంటుకొని.
మనుమరాలు జరిగిందంత చెప్తే
తనను చంపిన యంత్రం మీద కోపం రాలేదామెకు.
"దాని చెవులు కొత్తయి గదనే,
జర నిమ్మళంగ చెప్పున్రి, పడ్తయి" అన్నది.

రాత్రి నోటుబుక్కులు ముందలేసుకున్న.
మూడో పుస్తకంలనే తగిలింది, అచ్చిండు.
పరీక్షల్ల దీనికి మార్కు తెగుతదని తెల్సు.
దిద్దేటోడు వేరే ఊరోడని తెల్సు.
పెన్ను ఆ మాట మీదికి పోయి ఆగింది.
ముల్లు నుంచి ఊరిన ఎర్ర చుక్కను
కాయితం తాగుతనే ఉన్నది.