పదిహేడో ప్రశ్న

బిటొమ్‌లో ఎర్ర ఇటుకల ఇళ్ల వరస.
కిటికీ చట్రాలకీ ఎర్ర రంగే,
గనిలో మిగిలిపోయిన డబ్బాలు
ఒకప్పుడు సంకలో పెట్టుకొచ్చేవారట.

మూడో అంతస్తు ఎక్కేసరికి నాకే ఆయాసం.
తలుపు తీసినాయనకి ఎనభై ఒకటి.
పేరు అలొయ్జ్ గావ్లిక్.
ముప్ఫై రెండేళ్లు భూమి అడుగున పనిచేశాడు.
ఆ భూమి ఇంకా కొంచెం ఊపిరితిత్తుల్లో ఉండిపోయి
మాటమాటకీ గరగరమంటుంది.

నా సంచిలో నలభై పేజీల ప్రశ్నావళి,
మణికట్టుకి కట్టే యంత్రం,
విశ్వవిద్యాలయం ముద్ర వేసిన అంగీకార పత్రం.
"వృద్ధుల తీరిక, ఆరోగ్యం, బాగోగులు"
అని మా ప్రాజెక్టు పేరు పైకి చదివితే
ఆయన నవ్వాడు:
"మూడూ ఒకే ఇంట్లో కాపురముంటాయా, అమ్మాయ్?"

పదిహేడో ప్రశ్న.
వారానికి మీ తీరిక గంటలు ఎన్ని?
వంటగదిలోంచి హిల్డా అంది:
"ఆయనకి తీరికెక్కడిది, పావురాలున్నాయిగా!"
రాయాల్సిన గడి చిన్నది.
సున్నా రాశాను. కొట్టేశాను.
నలభై రాశాను.
దాన్నీ కొట్టేశాను.

అటక మీద గూళ్లు. గింజల దుమ్ము, ఈకల వెచ్చన.
నేను యంత్రం కడుతుంటే
రెండో చేత్తో ఆయన ఒక పావురాన్ని పట్టి
దాని కాలి ఉంగరం చూపించాడు.
"దీనికీ ఇలాంటిదే.
ఎన్నింటికి ఇల్లు చేరిందో చెబుతుంది.
నీది ఏం చెబుతుంది?"
అడుగులు, అన్నాను. నిద్ర. గుండె.
"ఇల్లు చేరడం చెప్పదా?"
నేను పెన్నుకి మూత పెట్టుకున్నాను.

ఎనిమిది రోజుల తర్వాత
కంప్యూటరు మీద ఆయన ఆదివారం:
పదకొండు నుంచి నాలుగు దాకా
ఒక్క అడుగు లేదు.
సాఫ్ట్‌వేర్ ఎర్ర అక్షరాల్లో తేల్చేసింది: నిష్క్రియ.
మూడూ నలభై రెండుకి మాత్రం
అదే కుర్చీలో, అదే మనిషికి
అరవై ఎనిమిది దగ్గరున్న గుండె
నూట పద్దెనిమిదికి
ఎగిరింది.

"పరికరం లోపం. ఆ బిందువు తీసెయ్" అంది
ప్రొఫెసరు స్కొవ్రోనెక్.
ఆవిడ ఇంటిపేరుకి మా భాషలో భరతపక్షి అని అర్థం.
నేను గుర్తు చేయలేదు.

ఫోన్ చేశాను.
ఆదివారం మూడూ నలభై రెండుకి ఏమైంది?
అవతల చాలాసేపు గరగర.
"జర్మనీలో వదిలారు, నాలుగువందల కిలోమీటర్లు.
దారంతా ఎదురుగాలి.
రెండేళ్ల ఆడది, నీలిది.
చర్చి గోపురం పక్కన
ఆవగింజంత కనిపించింది."
కాసేపాగి,
"నేను లేవలేదు. లేస్తే బెదురుతుంది.
గూట్లోకి దిగేదాకా కదలకూడదు."

కదలకుండా కూర్చోవడం
ఎంత పనో
ఏ గడిలో రాయను?

చలికాలం. రెండో విడత.
ముక్కుకి ఆక్సిజన్ గొట్టం.
అటక మెట్లు ఇక ఎక్కలేడు.
పక్షుల్ని రిబ్నిక్‌లో ఒక కుర్రాడికి అమ్మేశారట,
బుట్టలతో సహా, బేరమాడకుండా.

ఇరవై మూడో ప్రశ్న.
ఈ ఆరు నెలల్లో మానేసిన వ్యాపకాలు?
"పావురాలు" అని రాస్తుండగా
పైన రేకు మీద టకటక.
హిల్డా తలెత్తి కూడా చూడలేదు.
గుప్పెడు మొక్కజొన్న తీసుకుని కిటికీ తెరిచింది.
గదిలోకి చలి, బొగ్గు పొగ వాసన.
"వారం వారం ఇదే వరస.
ఆ కుర్రాడొచ్చి పట్టుకుపోతాడు.
మళ్లీ వచ్చి వాలతాయి."

అలొయ్జ్ గొట్టం సర్దుకున్నాడు.
"నేను మానేశాను.
అవి మానలేదు.
అది రాసుకో."

దానికి గడి లేదు.
కాగితం అంచున, పేజీ నంబరు పక్కన
అడ్డంగా రాసుకున్నాను.

మా స్కానరు అంచులు చదవదు.