తొంభై కాడ

ఎనభై దాకా ఏం లేదు.
రాంపూర్ దాటి ముల్లు తొంభైకి చేరంగనే
స్టీరింగు సన్నగ వణుకుతది,
చలిజ్వరమొచ్చిన పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు.
నూటపది దాటితే మల్ల నిమ్మళం.
ఆ నడుమ ఇరవైలనే దాని బాధంతా.

కాజీపేటల షోరూమాయన
బండి ఎక్కకుండనే చెప్పిండు:
ర్యాకు పోయింది, పద్దెనిమిది వేలు.

మడికొండ మూలమలుపుల సాబిర్ మియా
రేటు చెప్పలే, ప్రశ్నలడిగిండు.
బ్రేకు తొక్కితే పెరుగుతదా? లేదన్న.
సీటు అదురుతదా, చెయ్యేనా? చెయ్యే అన్న.
"అయితే ముందటి చక్రాలే" అని
జాకీ ఎత్తి, టైరును సారెలెక్క తిప్పి
కండ్లు మూసుకున్నడు.
అది ఆగినంక రిమ్ము లోపటికి చెయ్యి పెట్టి
స్క్రూడ్రైవరుతోని గీకిండు.
రాలింది నల్లరేగడి,
ఎండి పెంకైన గడ్డ.
"ఎవ్వరి చేన్లకు పోయినవ్ బిడ్డా?"

పరకాల దిక్కు.
మొన్నటి వానల్ల అక్క పత్తిచేను మునిగిననాడు
గట్టుదాక బండి దించిన.
నీళ్లను చూసుకుంట నిలబడ్డం ఇద్దరం,
మాట లేకుంట.
ఇంటికొచ్చి బయటంత కడిగిన, అద్దాలతో సహా.

గడ్డను అరచేతిల ఎగరేసి
"నలభై గ్రాములుంటది" అన్నడు సాబిర్ మియా.
సీసం ముక్కొకటి కొట్టి
మూడు వందలు తీసుకున్నడు, చాయ్ తాపిండు.

ఇప్పుడు తొంభై కాడ స్టీరింగు కదలదు.
నా చేతులే ఇంకా బిగుసుకుంటున్నయి.

రాత్రి అక్కకు ఫోన్ చేసి
పంట మాటెత్తలేక
బండి సంగతి చెప్పిన.
చాన్నాళ్లకు నవ్వింది.
"అయితే మా చేను హైదరాబాద్ చూసొచ్చిందన్నట్టు,
నాకంటె ముందుగాల."