బార

ఏప్రిల్. ఆనకట్ట తలుపులు దించేశాక
వైనతేయ పాయలో పారేది
నది పేరు పెట్టుకున్న సముద్రం.
పోటు పోటుకీ ఓడలరేవు నుంచి ఉప్పు ఎగువకి నడుస్తుంది.
ఎంత దూరం, ఏ రాత్రికి?
అది చెప్పడం నా ఉద్యోగం.

అమలాపురంలో మేడమీద గది,
మూలిగే ఏసీ,
నాకంటే వయసులో పెద్దదైన ఫోర్ట్రాన్ కోడ్.
ఏటిని గళ్లుగా కోశాను,
పదకొండు వేల నాలుగొందల గళ్లు.
ప్రతి గడీ పక్క గడిని అడుగుతుంది:
నీ దగ్గర నీరెంత, ఉప్పెంత, నా వైపు ఎంత తోస్తావు?
గట్టు తగాదాలో పంచాయితీ లాంటిదే,
కాకపోతే ఇక్కడ ఎవరూ అబద్ధమాడరు.

ఒక నియమం ఉంది.
ఒక్క అడుగు కాలంలో నీరు
ఒక్క గడికి మించి దాటకూడదు.
దాటిందా, లెక్క పేలిపోతుంది.
బోడసకుర్రు వంతెన దగ్గర
నలభై వేల మీటర్ల కెరటం లేస్తుంది తెరమీద.
కిటికీ అవతల కాకి కుళాయి చుక్కలు తాగుతుంటుంది.
అందుకే కాలాన్ని అల్లంలా సన్నగా తరుగుతాను,
రెండేసి సెకన్లు.

మూడు రాత్రులు తిప్పాను.
పద్నాలుగో తేదీ, అంది యంత్రం.
అంతవరకు లంక పంపు ఆడొచ్చు.

ఆరో తేదీ పొద్దున్నే ఫోను.
గేజీ చూసే మల్లాడి పోలయ్య.
“అమ్మా, నీళ్లు నాలిక్కి తగులుతున్నాయి.”
మీటరేమంటోంది?
“మీటర్లో బేటరీ లేదు. నాలుకే ఉంది.”

నవ్వాను.
తర్వాత స్కూటీ తీశాను.

నా పటంలో అక్కడ లోతు రెండు మీటర్లు.
పోలయ్య గడకర్ర దించాడు,
అది దిగుతూనే ఉంది.
“ఇసకేదమ్మా ఇక్కడ? లారీలెక్కేసింది.
ఏ ఊళ్లో ఏ మేడకి శ్లాబయ్యిందో.”
బరువైన ఉప్పునీరు గోతిలో దిగి కూచుంటుంది,
పాటుకి లేవదు,
మర్నాటి పోటుకి అక్కణ్ణుంచే బయల్దేరుతుంది.
సమీకరణాలు నిజమే చెప్పాయి,
ఇరవై రెండేళ్ల కిందటి నది గురించి.

రెండ్రోజులు గోతులు కొలిచాం.
“రెండు బారలా జానెడు.”
“మూడుకి బెత్తెడు తక్కువ.”
ఆయన చెప్పడం, నేను రాసుకోవడం.
గట్టెక్కాక టేపు తీసి చేతులు చాపమన్నాను.
“చొక్కా కుట్టిస్తావా ఏంటి?”
ఎడమచేతి నడిమి వేలికి ఒక కణుపు లేదు,
ఎప్పుడో వలతాడు తీసుకుందిట.
మీటరూ అరవై రెండు.

కోడ్‌లో నూట పన్నెండో వరుస:
బార = 1.62
పక్కన రాశాను: పోలయ్యది. మార్చొద్దు.

మళ్లీ తిప్పాను. కరెంటు పోయింది.
మళ్లీ.
తెల్లారుజామున తప్పు అంకెలు చిన్నవై, చిన్నవై,
నిద్రకి తూగే పిల్లల్లా ఒక్కొక్కటే సర్దుకున్నాయి.
పదో తేదీ రాత్రి రెండూ నలభై.

పది సాయంత్రమే పంపు కట్టించాం.
ఒకాయన మోటారు మీద కూచుని
కంప్యూటరునీ నన్నూ కలిపి తిట్టాడు.
అతని మడి ఇంకా సగమే తడిసింది.
నా దగ్గర జవాబు లేదు, గంట మాత్రమే ఉంది.

రెండూ నలభై. రేవు మెట్ల మీద ఇద్దరం.
పోలయ్య దోసిట్లో నీళ్లు పుక్కిలించి ఉమ్మేశాడు.
బీడీ వెలిగించాడు.
మూడూ పదికి మళ్లీ పుక్కిలించి, “వచ్చింది,” అన్నాడు.
అరగంట తేడా, అన్నాను.
“ఆలస్యం నీదో దానిదో.”

ఇంకొకటి మిగిలింది.
ఏడువేల ముప్పై ఒకటో గడి.
యంత్రం అక్కడ అడుగంతా ఉప్పంటుంది.
పోలయ్య అక్కడే పడవ ఆపి
బిరడా సీసాకి రాయి కట్టి అడుగుదాకా దించి
తాడు లాగి నింపుకుని తాగుతాడు.
నాకూ ఇచ్చాడు.
తియ్యగా ఉంది.

కింద ఊటేదో ఉండాలి.
దానికి ఇంకా వరుస రాయలేదు.