ఉప్పుగాలి జత

పాత పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు సార్టింగు చేశాను.
నా కళ్లు పిన్‌కోడు దగ్గరే ఆగేవి.
బిళ్ల మీద ఎవరి తల ఉందో
ఒక్కరోజు చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు సోల్జర్‌పేటలో, యూస్టస్ గారి మేడ మీద
హార్బరు వైపు కిటికీ పక్కన కూర్చుని
జర్మనీ బిళ్లల పళ్లు లెక్కపెడుతున్నాను.
రెండు సెంటీమీటర్లకి పద్నాలుగు.

ఆయన సిగ్నల్ స్టేషన్లో పనిచేసేవారు.
మాంగనీసుకి వచ్చిన ఓడల్లోంచి హాంబర్గు వంటవాళ్లు
ఎండుమిరపకాయలు పట్టుకెళ్లి
బదులు ఇవి ఇచ్చేవారట.
ఆయన పోయాక రోజలిన్ గారు కబురంపారు:
"ఏది ఏమిటో రాసిపెట్టు బాబూ,
హైదరాబాదు నుంచి కొనేవాడు వస్తాడు."

ఏటి రాయాలి?
మొదట్లో ఇవన్నీ
ఎవరో చింపడం మర్చిపోయిన బిళ్లల్లా కనిపించాయి.
ఆయన పెన్సిలు రాతలు చదవగా చదవగా తెలిసింది.
చిన్న పుస్తకాలుగా కుట్టడానికి ముందు
పెద్ద కాగితం మీద అచ్చేస్తారు,
సగం బిళ్లల్ని తలకిందులుగా పేరుస్తారు.
కుట్టకముందే కత్తెర పడితే
పుస్తకంలో ఎన్నడూ కలవని రెండు
పక్కపక్కన దొరుకుతాయి.

అడ్డంగా ఉంటే డబ్ల్యూ. నిలువైతే ఎస్.
తలా తోకా మారితే కె.
ఐదు పక్కన పది వేరు, పది పక్కన ఐదు వేరు,
వెల కూడా వేరు.

కొన్నిటి పక్కన బిళ్లే ఉండదు,
గడి నిండా పెద్ద ఇంటూ గుర్తు.
ఉత్తరానికి చెల్లదు.
ఊడదీస్తే మాత్రం పక్కదాని విలువ పడిపోతుంది.
మా సెక్షన్లో దాలినాయుడు అలాంటివాడే.
పని చేసేవాడు కాదు,
వాడు సెలవు పెట్టిన రోజు ఎవరికీ పని సాగేదీ కాదు.

దొంగ జతలూ ఉంటాయి.
వెలుగుకెత్తి చూడాలి.
రెంటి మధ్యా కాగితం పీచు ఒకటే అయితే నిజం,
వెనక జిగురు గీత కనిపిస్తే ఎవరో అతికించారు.
నల్ల పళ్లెంలో బెంజీను చుక్క వేస్తే
లోపలి నీటిగుర్తు తేలి, మళ్లీ మునుగుతుంది,
తెల్లారగట్ల మంచులో డాల్ఫిన్స్ నోస్ లాగ.

మూడో ఆల్బమ్ తెరుచుకోలేదు, పెచ్చులా విరిగింది.
"హుద్‌హుద్ రాత్రి కిటికీ రెక్క ఎగిరిపోయింది," అన్నారావిడ.
"మూడింటినీ పరుపు కింద దాచారు.
నన్ను దాచడం తర్వాత గుర్తొచ్చింది."

విరిగిన పేజీలో ఒక జత.
ఆకుపచ్చ పది ఫెనిగ్‌ల ముసలాయన,
ఆయన భుజానికి కరుచుకుని
మన పాతిక పైసల కోడిపిల్ల.
పళ్లలో పళ్లు దిగిపోయి ఉన్నాయి.
ఏ అచ్చుయంత్రమూ వేయలేదు వీటిని,
ఏ కత్తెరా కొయ్యలేదు.

ఆవిరి పడితే విడిపోతాయి. నాకు తెలుసు.
ఆవిడ నీళ్లు పొయ్యి మీద పెట్టారు కూడా.
గిన్నె మూత దడదడలాడింది.
నేను టీ అడిగాను.

జాబితా అడుగు గీత మీద
డబ్ల్యూ కాదు, ఎస్ కాదు, కె కాదు,
"ఉ 1" అని రాశాను. ఉప్పుగాలి.
వెల గడిలో ఏం పెట్టాలో తోచక
చెయ్యి తన అలవాటు కొద్దీ
పిన్‌కోడు రాసేసింది:
ఐదు, మూడు, సున్నా, సున్నా, సున్నా, ఒకటి.