పాళ్లు

తొంభై ఏడు ఎండాకాలం, నల్లగొండ.
నీళ్లు పరీక్ష చేసే ఆఫీసులో నేనూ, ఒక బల్లా,
కిటికీలో లతీఫ్ సాబు గుట్ట.

ఈదమ్మ రెండు బస్సులు మారి వచ్చింది
మర్రిగూడ దిక్కునుంచి.
కొంగుచాటున కల్లు సీసా,
మక్కబెండు బిరడా,
లోపల బోరింగు నీళ్లు.
ఏం తేట! అవతల నా చెయ్యి కనిపిస్తోంది.

ఎర్రమందు చుక్కలు వేశాను.
దాని గుణం అదీ,
విషం ఎక్కువయ్యేకొద్దీ రంగు వెలిసిపోతుంది.
చూస్తుండగానే
ఏడాది ఉతికిన రవికె రంగుకొచ్చింది.

"ఆరు పాళ్లు" అన్నాను.
"పాలా?" నవ్వింది, గార పళ్లకు కొంగు అడ్డం పెట్టి.
"నా బర్రె రెండు సోలలియ్యనీకె తంతది,
బోరింగు ఆరు పాలిచ్చెనా సారూ!"

పాలంటే వంతు, అని చెప్పాను.
పది లక్షల వంతుల నీళ్లలో ఆరు.
ఒకటిన్నర దాటొద్దు.

వంతంటే ఏందో ఆమెకు నేను చెప్పాలా?
ఊరోళ్ల చెలకలు సగపాలుకు దున్నిన మనిషి.
మామ పోయిన పదకొండోనాడు పాలోళ్లు కూడి
రెండెకరాలు నాలుగు పాళ్లు చేస్తే
రాళ్లున్న పాలు ఆమె మొగనికొచ్చింది.
తర్వాత అదీ షావుకారు పాలు.

వేళ్లు ముడుస్తూ విప్పుతూ ఏదో లెక్కపెట్టింది.
వేళ్లు పూర్తిగా ముడుచుకోవు ఆమెకు.
"పది లచ్చలల్ల ఆరే గద చెడ్డయి?
మా ఊర్ల మనుషులు గట్లుంటే
ఎంత మంచిగుండు."

నా దగ్గరున్న పుస్తకాల్లో దీనికి జవాబు లేదు.

"నా కొలత నాకున్నది సారు.
కాపురానికొచ్చిన కొత్తల
తలుపు పైకమ్మి ఠక్కున నెత్తికి కొట్టేది.
మా అత్త నవ్వేది.
ఇప్పుడు నెత్తికీ దానికీ నడుమ
మూరెడు సందు."

రిజిస్టరు తీసి రాశాను:
నమూనా డెబ్బై మూడు. ఆరు పాళ్లు.
తాగడానికి పనికిరావు.
సంతకం, తేదీ.

సీసాలో మిగిలినవి పారబోయబోతే
చెయ్యి పట్టుకుంది.
"ఎందుకు నేలపాలు జేస్తవు?
బస్సు మూడింటికి."

మెడ లేవదు గనక గోడకు ఆనుకుని
సీసానే పైకెత్తి
అడుగు చుక్కదాకా తాగింది.
బిరడా మళ్లీ పెట్టుకుని
ఖాళీ సీసా కొంగున కట్టుకుంది.