బోర్డు వైపు తిరిగి

ఇరవై మూడు సర్టిఫికెట్లున్నాయి నా దగ్గర.
ప్లాస్టిక్ ఫోల్డర్లో, తేదీల వారీగా,
న్యాక్ వాళ్లొస్తే చూపించడానికి.
ఒక శిబిరంలో, అన్నాల తర్వాత,
వినడం ఎలాగో ఒక పెద్దాయన
రెండు గంటలు ఆపకుండా చెప్పాడు.
చల్లారిన సమోసా. మెట్ల మీద గ్రూప్ ఫోటో.
అన్ని ఫోటోల్లోనూ నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

నారాయణగూడలో మా కాలేజీ.
పాతికేళ్లుగా జర్నలిజం పిల్లలకి
మొదటి రోజు చెప్పే మాట ఇదే:
ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా —
మన భాష అదృష్టం చూడండి,
ఆరుగురూ ఒక్క కడుపున పుట్టినట్టున్నారు,
మొదటి వాక్యంలోనే ఆరుగురికీ జవాబు పడాలి.
అదే జోకు, అదే చోట. పిల్లలు నవ్వుతారు.

పోయిన జూన్‌లో, మొదటి బెంచీలో ఒకమ్మాయి.
పేరు శ్రావ్య.
పేరు పెట్టిన ఏడాదిన్నరకి తెలిసిందట ఇంట్లో
చెవులు వినపడవని.
నా పెదాల్నే చూస్తూ కూర్చునేది,
పొయ్యి మీది పాలని చూసినట్టు.
దసరా సెలవులకి ముందు ఒక చీటీ ఇచ్చింది:
"మేడం, మీరు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా
నాకు కరెంటు పోతుంది."

పాతికేళ్లు.
ఎంత చెప్పి ఉంటాను ఆ బోర్డుకి!
ముఖ్యమైనవన్నీ
రాస్తూ, రాస్తూనే మాట్లాడుతూ,
వీపుతో.

అందుకే శనివారాలు మలక్‌పేట.
జిరాక్స్ షాపు మీద గది.
ట్యూబులైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే
క్లాసు మొదలైనట్టు.
టీచర్ నఫీసా. పుట్టినప్పట్నుంచీ వినదు. ఇరవై రెండేళ్లు.
నాకు యాభై మూడు, మోకాళ్లు వేరే.
పక్క కుర్చీలో ఆటో నడిపే సైదులు,
చిన్నకూతురి కోసం వస్తాడు.
"నాలుక జేబుల పెట్టుకోవాలె మేడం,"
మెట్ల మీదే చెప్పాడు మొదటి రోజు.

నావి మొండి చేతులు.
నీళ్లు కావాలనబోయి ఇంకేదో అన్నాను,
గదంతా బల్లలు చరిచి నవ్వింది.
ఏమన్నానో నఫీసా ఇవాళ్టికీ చెప్పలేదు.

ఇక్కడ ప్రశ్న గొంతులో ఉండదు,
కనుబొమల్లో ఉంటుంది.
ఎవరు, ఎక్కడ, ఎందుకు — చివర్న వస్తాయి.
ముందు ఇల్లు, ముందు మనిషి,
మనిషికి జరిగింది గాలిలో నిలబెట్టి
అప్పుడు ఎందుకని అడగాలి.
తొందరపెట్టే నా ఆరుగురూ
చెప్పులు విప్పి వెనక వరుసలో కూర్చున్నారు.

మొదటి పరీక్షలో పదికి నాలుగు.
కింద రాసింది: ముఖం కదపండి.
ఇంటికెళ్లి అద్దం ముందు
కోపం ప్రాక్టీసు చేశాను. మా ఆయన భయపడ్డాడు.

వీళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక చేతిపేరు.
మనం పెట్టుకోకూడదు, వాళ్లే ఇవ్వాలి.
జనవరిలో శ్రావ్యని అడిగాను నాకో పేరు పెట్టమని.
ఉంది కదా ఎప్పుడో, అంది.
అరచేయి నాకేసి చూపించి
టక్కున అవతలికి తిప్పేసింది.
వెనక్కి తిరిగే ఆవిడ.
మార్చమన్నాను. ఇప్పుడు తిరగట్లేదుగా అన్నాను.
మారదట. ఒకసారి పెడితే అంతే.

ఇప్పుడు రాసేటప్పుడు రాస్తాను, అంతే.
ఆ నిశ్శబ్దానికి మిగతా పిల్లలు మొదట్లో ఇబ్బంది పడ్డారు.
రాయడం అయ్యాక తిరిగి, సుద్ద దులుపుకుని, చెబుతాను.
సిలబస్ రెండు యూనిట్లు వెనకపడింది.
ప్రిన్సిపాల్ పిలిచి అడిగారు:
ఈ శనివారాల కోర్సుకి సర్టిఫికెట్ ఏమన్నా ఇస్తారా?
పదికి నాలుగొచ్చిన కాగితం ఇచ్చాను.
ఫోల్డర్లో పెట్టుకోమన్నారు.

నిన్న మలక్‌పేట మెట్రోలో
అటు ప్లాట్‌ఫాం మీద ఒక కుర్రాడు,
ఇటు, నాకు నాలుగడుగుల్లో ఒకమ్మాయి.
పట్టాల మీదుగా చేతుల్తో మాట్లాడుకుంటున్నారు,
అంత రొదలో, అంత తీరిగ్గా.
నాకు అందినవి మూడే:
రేపు. అన్న. చివర్న, కనుబొమలు ముడేసి, ఎందుకు.
అతను జవాబు మొదలుపెట్టాడు.
మియాపూర్ బండి మధ్యలోకి వచ్చి ఆగింది.
అది నా బండే.
ఎక్కలేదు.