చీమలు ముందే చెప్పినయి

పదకొండేండ్ల కింద
బత్తాయి పాదు పక్కన నేను కూసొని లేసిన చోట
చీమలు బారు కట్టినయి.
డాక్టరు కన్న ముందు ఈదమ్మే చూసింది.
"నీ ఒంట్ల బెల్లం కారుతున్నదయ్యో" అని నవ్వింది.
మర్నాడు నవ్వలేదు.

అప్పటిసంది పొద్దుకొక గోలీ.
పెండ్లిండ్లకు పోయిన్నాడు జేబులనే ఉండె.
కాయ రేటు పడిపోయిన ఏడు
సగం సగం ఇరిసి మింగిన.

మొన్న ఎండలు ముదురుతుంటే
మోటరు ఆన్ చేసి ఒడ్డెక్కుతున్న,
ఎడమ దవడ గుంజింది.
పన్నేమో అనుకున్న.
గుర్రంపోడు ఆరెంపీ సూది ఏస్తనన్నడు.
ఈదమ్మ ఇననియ్యలే,
టమాటల ఆటో ఆపి ఎక్కిచ్చింది.
నల్లగొండ దాక డబ్బాల మీద కూసోని పోయిన.

తెర మీద నా గుండెను చూపిచ్చిన్రు.
నాకది కొత్త బొమ్మ కాదు.
మా తోటల పరిచిన డ్రిప్పు పైపులే,
బోరు నీళ్ల ఉప్పు పేరుక పేరుక
ఒక కాడ సన్నగైన దార,
దానవతల ఎండుతున్న కొమ్మ.
"గాడ పట్టుకున్నది, గదే" అన్న
పండుకున్న కాడినుంచే.
ముఖానికి గుడ్డ కట్టుకున్న డాక్టరమ్మ
కండ్లతోని నవ్వింది.

మణికట్టు కాడ చిన్న బెజ్జం.
అండ్లకెళ్లి ఇనుప జాలి ఎట్ల పోయిందో
నాకెరుక లేదు.

తెల్లారి చుట్టాలు.
వచ్చినోడల్లా ఒక సంచి బత్తాయిలు!
మా మేనబావ కిలో ఎనభై పెట్టి కొన్నడట.
పోయిన నెల నేను పదమూడుకు తూకం ఏసిన.
తొక్క మీది మచ్చ చూస్తే
నా తోటదేనేమో అనిపించింది.
పక్క మంచం పిలగాడు జూసు తాగుతుంటే
నోరూరింది, కడుపు మండింది,
ఏది షుగరో ఏది రేటో తెల్వలే.

పోయేటప్పుడు కాయితం:
రక్తం గడ్డకట్టకుండ రెండు, కొవ్వుకొకటి,
షుగరుకు పాతదొకటి, కొత్తదొకటి.
కొత్తది చక్కెరను ఉచ్చల పంపుతదట,
గుండెకు గూడ కాపలా కాస్తదట.
"ఛాతి మంచిగనే ఉన్నది గద బిడ్డా, ఇన్నెందుకు?"
డాక్టరమ్మ జెరసేపు ఆగి
"పైపు ఒక్క కాడ మంచిగ చేసినం పెద్దాయనా,
బోరు నీళ్లు అవే గద" అన్నది.

ఎవలు చెప్పిన్రో ఆ పిల్లకు బోరు సంగతి.
నేనే వాగిన్నేమో, మత్తుల.

లైన్లల్ల ఆసిడ్ ఇడువని ఏడు
చెట్టు వెంటనే చెప్పదు.
ఆకు పచ్చగనే ఉంటది,
కాయ మాత్రం గోలికాయంత.

మందుల షాపుల బిల్లు చూసి
ఈదమ్మ మనసుల్నే లెక్క కట్టింది.
"నెలకు మూడు క్వింటాళ్లు మింగుతవన్నట్టు."

ఇయ్యాల పొద్దుగాల
పాదు పక్కన మళ్ల చీమలు.
అదే బారు, అదే తొందర.
పానం గుభేలుమన్నది.
ఫోన్ చేస్తే దవఖాన్ల నర్సు పిల్ల నవ్వింది:
"కొత్త గోలీ పనిచేస్తున్నట్టే తాతా,
నీళ్లు మంచిగ తాగు."

ఆనాడు చాడీ చెప్పిన చీమలే
ఇయ్యాల సాక్ష్యం చెప్తున్నయా?
నమ్మాల్నా వద్దా తెల్వక
చాలసేపు గట్టు మీద కూసున్న.
మోటరు ఆగిపోయింది, కరెంటు పోయినట్టున్నది.
ఇంట్లకెళ్లి ఈదమ్మ కేక:
"సగం ఇరిసినవా, నిండుగ మింగినవా?"